‘నల్ల’ తరువాతి మాట

జూన్ 18, బుధవారం. మారేడ్‌పల్లి, సికింద్రాబాదు

విమల ఇంటికి వచ్చింది. మాట రాలేదు.

పక్షవాతానికి పడిపోయిన కుడి చెయ్యీ, కుడి కాలూ కూడా ఇంకా రాలేదు. వాటి విషయంలో డాక్టర్లు ధైర్యం చెప్పారు. మాట విషయంలో మాత్రం "చూద్దాం" అన్నారు. చూసేది ఎవరో, ఎప్పటిదాకానో చెప్పలేదు.

ముప్పై నాలుగేళ్ళు పిల్లలకు తెలుగు చెప్పినవాణ్ణి. నా భార్య దగ్గర ఇప్పుడు మిగిలిన తెలుగు ఒక్క మాట: "నల్ల." తెలివి వచ్చిన మరునాడు ఆసుపత్రి మంచం మీద అన్నది. ఇవాళ చక్రాల కుర్చీలో గడప దాటుతూ అన్నది. మధ్యాహ్నం జావ తాగించబోతే చెంచాను పక్కకు నెట్టి అన్నది.

‘నల్ల’ విశేషణము. దాని వెనుక ఒక విశేష్యం రావాలి. నల్ల చీర, నల్ల మబ్బు, నల్ల కుక్క. ఆ రెండవ మాట గొంతులో ఆగిపోయింది. అది ఏదో కనిపెట్టడం భాష తెలిసినవాడి పని. అంటే నా పని.

మాట్లాడడానికి ఇంట్లో మనిషి లేక ఈ పాత అలవాటు మళ్ళీ మొదలుపెట్టాను. ఈ వాక్యం తప్పు. మనిషి ఉన్నది.

జూన్ 20, శుక్రవారం

మొదట అందరమూ నల్లపూసలే అనుకున్నాము. స్కానింగుకు తీసుకువెళ్ళే ముందు మెడలో ఉన్నవన్నీ తీసి సుకన్య చేతికి ఇచ్చారు. సుకన్య మా అమ్మాయి. బ్యాంకులో పని, పక్క వీధిలోనే కాపురం. నిన్న సాయంత్రం ఆ నల్లపూసలు తల్లి మెడలో వేసింది. విమల ఎడమచేత్తో వాటిని తడుముకున్నది, కూతురి చెంప తడిమింది, నవ్వింది. తరువాత నా వైపు తిరిగి మళ్ళీ "నల్ల" అన్నది.

ఇవాళ ఒక్కొక్కటీ తెచ్చి చూపించాను. నల్ల శాలువా. నల్లద్రాక్ష. నా గొడుగు. గొడుగును చూసి, ఇంటి నిండా ఆరబెట్టి ఉంచుతానని ఏళ్ళ తరబడి విసుక్కున్న ఆ పాత విసుగుతోనే ముఖం చిట్లించింది. ఆ విసుగు చూసి నాకు ప్రాణం లేచివచ్చింది.

"నాన్నా, అమ్మ నల్లా అంటున్నదేమో. ట్యాప్. దాహమేమో," అన్నది సుకన్య.

గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. విమల పెదవి కూడా తడపకుండా ముఖం తిప్పేసుకున్నది.

"చూశావా? ఈ ఇంట్లో నలభై ఆరేళ్ళుగా దాన్ని కుళాయి అంటున్నాము. మీ అమ్మ కుళాయిని కుళాయి అనే అంటుంది. నల్లా అన్యదేశ్యం."

"అన్యదేశ్యం అంటే?"

"బయటినుంచి వచ్చిన మాట."

"బయటినుంచి వచ్చింది నువ్వు కదా నాన్నా, కృష్ణాజిల్లా నుంచి! అమ్మ పుట్టిందే ఈ సికింద్రాబాదులో, మన లష్కర్‌లో, పాట్ మార్కెట్ వెనక. ఆమె ఎక్కడినుంచీ రాలేదు."

బ్యాంకు ఉద్యోగులతో వ్యుత్పత్తిశాస్త్రం చర్చించలేము. అయినా ‘కుళాయి’ పుట్టుక ఒకసారి చూద్దామని నిఘంటువు తీశాను. తీసి, మళ్ళీ అలమరలో పెట్టేశాను.

పెళ్ళిచూపులు గుర్తుకు వచ్చాయి. ఆ గల్లీలో, మా మామగారి కంసాలి దుకాణం వెనుక గదిలో, మా నాన్న, మా మేనమామ, నేను గోడకు ఆనుకుని కూర్చున్నాము. పిల్ల కనబడదు. మా నాన్న అడిగితే అత్తగారు తలుపు చాటునుంచి, "నల్లకాడికి వొయ్యింది, ఇప్పుడొస్తది" అన్నారు. నేను, అప్పటికి ఈ ఊరు వచ్చి నాలుగేళ్ళయినా బడీ గదీ తప్ప ఎరుగనివాణ్ణి, "నల్లకాడా? అది ఏ ఊరండీ?" అని అడిగాను. ఇల్లంతా నవ్వింది. ఆ నవ్వులోకి, నడుము మీద బిందెతో, మోచేతుల దాకా తడిసిన విమల వచ్చింది. ఎందుకు నవ్వుతున్నారో తెలియక తనూ నవ్వింది. నేను ఆ క్షణంలోనే సరే అనుకున్నాను.

పెళ్ళయిన వారంలోనే ‘కుళాయి’ నేర్చుకున్నది. ‘పోయిన’ పోయి ‘వెళ్ళాను’ వచ్చింది. మన్ననార్థంలో బహువచనం కూడా పట్టుబడింది. ఆనాటినుంచి నన్ను రండి, తినండి, వింటున్నారా అనే అన్నది. అంత తొందరగా నేర్చుకున్న శిష్యులు నాకు మరి లేరు. ఎన్నడూ అభ్యంతరం చెప్పలేదు.

జూన్ 24, మంగళవారం

క్యారల్ గారు వచ్చారు. మాట తిరిగి నేర్పే స్పీచ్ థెరపిస్టు. బొల్లారం నుంచి స్కూటరు మీద వస్తారు. వయసు నలభై ఉండవచ్చు. విమల ఎదుట స్టూలు వేసుకుని, బొమ్మల కార్డులు చూపించి, చాలాసేపు ఏమీ మాట్లాడకుండా కూర్చున్నారు. ఇందుకు ఫీజు ఎందుకో నాకు అర్థం కాలేదు.

"ఆమెకు మీరు చెప్పేదంతా సమజ్ అవుతుంది సార్. చెప్పే దారి బ్లాక్ అయింది. ఈ ఒక్క వర్డ్ ఎట్లనో బయటికొచ్చింది."

"అది విశేషణమండీ. విశేష్యం ఏదో తెలిస్తే, నేను అందించి—"

"వద్దు సార్. మీరు అదే చేస్తున్నారు. ఆమె నోరు తెరిస్తే మీరు నింపుతున్నారు. ఫిల్ అప్ ద బ్లాంక్స్ ఆమెది. మీది వెయిట్ చేసుడు."

భాషా విషయంలో నన్ను కూర్చోమన్న మొదటి మనిషి ఈవిడ.

వెళ్తూ గేటు దగ్గర ఆగి, హెల్మెట్ చేత్తో పట్టుకుని, గొంతు తగ్గించి చెప్పారు. "ఒక మాట చెప్తా, పరేషాన్ కాకండి. ఆమె ఊరికే అంటలేదు. అడుగుతుంది. టోన్ వినండి, తెలుస్తది. అడిగి అడిగి ఎవరికీ సమజ్ కాకపోతే పేషెంట్లు అడిగేది బంద్ చేస్తారు. నేను చూసిన. ఒకసారి ఆపేస్తే మళ్ళ షురూ చేసుడు చాలా కష్టం సార్."

"ఎంత గడువు ఉంటుంది?"

"గడువు అంటే… ఆమె ఓపిక."

జూన్ 25, బుధవారం

క్యారల్ గారు అన్నట్టు విన్నాను. మాట చివర స్వరం కొద్దిగా పైకి లేస్తున్నది. ప్రశ్న కాదు. నన్ను వేడుకుంటున్నది.

జూన్ 26, గురువారం. ఆషాఢ శుద్ధ పాడ్యమి

తెల్లవారి పంచాంగం తిరగేస్తుండగా తట్టింది. ఇంత చిన్న విషయం ఇన్నాళ్ళు ఎలా తప్పిపోయిందో! ఆషాఢం. బోనాలు. ఉజ్జయినీ మహాకాళి. (ఊరంతా ‘మహంకాళి’ అంటారు. ఆ సున్న ఎక్కడిదో ఎవరూ చెప్పలేరు. విమల కూడా ఆ ఒక్క మాట నా దారిలోకి రానివ్వలేదు. "అమ్మవారి పేరు కదండీ, తప్పైనా అదే పిలుపు" అనేది.) కాళి అంటేనే నల్లనిది. నల్లని తల్లి! విశేష్యం దొరికింది. ఆమె అమ్మవారిని అడుగుతున్నది.

ఆ గుడి మా ఇద్దరికీ అమ్మవారి గుడి మాత్రమే కాదు. పెళ్ళయిన తొలి ఆషాఢంలో విమల పుట్టింట్లో ఉన్నది. కొత్తల్లుడు ఆషాఢంలో అత్తవారి గడప తొక్కకూడదు. మారేడ్‌పల్లికీ పాట్ మార్కెట్‌కూ నడిచిపోయేంత దూరం; నాకు మాత్రం కాశీ అంత దూరం. లష్కర్ బోనాల ఆదివారం నాడు గుడి దగ్గరైనా కనిపిస్తుందేమోనని పొద్దున్నే వెళ్ళి ఒక పూలకొట్టు అరుగు మీద నిలబడ్డాను. ఆ రోజుల్లో ఇన్ని బారికేడ్లు లేవు, మైకులు లేవు. డప్పులు, వేపమండలు, తడిసిన పసుపు వాసన. అత్తగారి తలపైన బోనం, పక్కన విమల, ఆకుపచ్చ చీర. నన్ను చూసింది. మాట్లాడకూడదు కదా! చేతిలోని వేపకొమ్మను ముఖానికి అడ్డం పెట్టుకుని ఆకుల సందులోంచి నవ్వింది. ఆ తరువాత నలభైకి పైగా ఆషాఢాలు చూశాము. నాకు ఆ ఒక్కటే ఆషాఢం.

నియమం ఒక్క ఏటికే. కానీ నాకు ఎందుకో అలవాటైపోయింది. ఏటా ఆషాఢం గురువారాలలో విమల ఉదయమే ఆ గల్లీకి వెళ్ళేది. నేను గుడి దగ్గర ఆగిపోయేవాణ్ణి. బ్యానర్ల మీది అక్షరదోషాలు చూస్తూ కాలం గడిపేవాణ్ణి. గంటా గంటన్నరకు ఆమె వచ్చేది. ఇద్దరమూ దర్శనం చేసుకుని, దారిలో టీ తాగి, ఇంటికి వచ్చేవాళ్ళము. ఆమె చీర కుచ్చిళ్ళు ఎప్పుడూ తడిసి ఉండేవి. ఆషాఢం కదా, వాన అనుకునేవాణ్ణి.

సాయంత్రం చెవి దగ్గర వంగి, "నల్లని తల్లి దగ్గరకు వెళ్దామా?" అని అడిగాను. నా ముఖంలోకి చాలాసేపు చూసింది. తల ఊపిందనే అనుకుంటున్నాను.

జూలై 1, మంగళవారం

ఉదయం ఒకసారి అన్నది. మధ్యాహ్నం అనలేదు.

జూలై 3, గురువారం

తెల్లవారకముందే లేచి కూర్చోవడానికి ప్రయత్నించింది. ఎడమచేత్తో దుప్పటి లాగేసి, తలుపు వైపు చూసి, "నల్ల, నల్ల" అన్నది. క్యారల్ గారు చెప్పినట్టు నింపకుండా కూర్చున్నాను. ఏమీ రాలేదు. పది గంటలకు గోడ వైపు తిరిగి పడుకున్నది. కిందటి గురువారం కూడా ఇలాగే చేసింది.

జూలై 4, శుక్రవారం

ఈరోజు అనలేదు.

జూలై 5, శనివారం

ఈరోజు కూడా.

సుకన్య గిన్నెలు తోముతూ ఏడ్చింది. శబ్దం రాకుండా ఏడుస్తున్నాననుకున్నది.

జూలై 6, ఆదివారం

బ్రహ్మచారి వచ్చాడు. విమల తమ్ముడు, దుకాణం అల్లుడికి అప్పగించి పదేళ్ళ కిందట ఉప్పల్ వైపు ఇల్లు కట్టుకుని వెళ్ళిపోయాడు. ముగ్గురు పిల్లలు, అయిదుగురు మనుమలు ఉన్నవాడికి ఆ పేరు చెల్లదని నేను నలభై ఆరేళ్ళుగా అంటున్నాను.

అక్క మంచం పట్టె మీద కూర్చుని, "అక్కా, నేనే. పెండ్లయిన బ్రహ్మచారిని," అన్నాడు. విమల పెదవి కొస కదిలింది. మాట రాలేదు.

బయటికి వచ్చి కళ్ళు తుడుచుకున్నాడు. నేను నా సిద్ధాంతం చెప్పాను.

"గంతే బావా. అమ్మనే యాది జేస్తుంది. కానీ ఆయితారం నాడు గాదు. లక్షల మంది వస్తరు, కుర్సీ కాదు గదా సూది సుత దూరదు. గీ బేస్తారం పొద్దుగాల పోదాం. బండి నేను దెస్త."

"గురువారం అను."

"బేస్తారమన్నా గురువారమన్నా గదే దినం బావా. జెర గివన్నీ ఇయ్యాల ఇడిసిపెట్టు."

కోపం రాలేదు. నాకు వయసు మీదపడుతున్నది.

జూలై 10, గురువారం

ఇవాళ జరిగినది జరిగిన వరుసలో రాయాలి. చెయ్యి తొందరపడుతున్నది.

గురుపౌర్ణమి. ఉదయం ఆరింటినుంచే పాత విద్యార్థుల ఫోన్లు. ఒకడు "గురుపౌర్ణమి శుభాకాంక్షాలు సార్" అన్నాడు. ఏటా దీర్ఘం సరిదిద్దుతాను. ఇవాళ "సంతోషం నాయనా" అని పెట్టేశాను.

ఏడున్నరకు గుడి చేరాము. ఆదివారపు జాతరకు బారికేడ్లు అప్పుడే పాతుతున్నారు. కారు గుడిదాకా రానివ్వలేదు; పాట్ మార్కెట్ వైపు వదిలి, విమలను కుర్చీలో కూర్చోబెట్టి బ్రహ్మచారి తోశాడు. నేను ముందు నడిచి దారి అడిగాను. సుకన్య చేతిలో పసుపు, కుంకుమ, వేపమండలు. విమలకు ఆకుపచ్చ చీర కట్టింది. నేను చెప్పలేదు.

గర్భగుడి ఎదుట కుర్చీని కాసేపు నిలపనిచ్చారు. కలరా రోజుల్లో ఉజ్జయినిలో మొక్కుకున్న సైనికుడు ఒకడు తిరిగివచ్చి నిలిపిన తల్లి అని చెబుతారు. మొదట కొయ్య విగ్రహమట. ఆ కథ ఏటా విమలకు నేనే చెప్పేవాణ్ణి, ఆమె తన ఊరి కథను నా నోట కొత్తగా విన్నట్టు వినేది. ఇవాళ కూడా చెప్పాను. తరువాత వంగి, "నల్లని తల్లి. చూడు. నల్లని…" అన్నాను.

అమ్మవారు పసుపులో, వెండిలో, నిమ్మకాయల దండలో వెలిగిపోతున్నది. నలుపు ఎక్కడా కనబడలేదు. విమల ఎడమచేతిని నుదుటికి ఆనించుకున్నది. కళ్ళు కారాయి. పెదవులు కదలలేదు.

పక్కన మాణిక్యాలమ్మ దగ్గరకు తీసుకువెళ్ళాను. బావి తవ్వుతుంటే దొరికిన తల్లి అంటారు. ఆమె ఎదుట కూడా వంగి అదే మాట అందించాను. మాతంగేశ్వరి దగ్గర కూడా. బోనాల మరునాడు, సోమవారం, రంగంలో అమ్మవారు పూనిన ఆవిడ పచ్చికుండ మీద నిలబడి ఏడాది భవిష్యత్తు చెప్పేది అక్కడే. ఊరందరికీ మాట దొరికేచోట నా భార్యకు ఒక్క మాట దొరకదా అనుకున్నాను. వేపచెట్టు దగ్గర, పోతరాజు దగ్గర, ఎక్కడ రాయికి పసుపు కనబడితే అక్కడ కుర్చీ ఆపించి చెప్పాను.

"నాన్నా, చాలు," అన్నది సుకన్య. "నువ్వే అంటున్నావు. అమ్మ అనడం లేదు."

విమల నా వైపు చూడడం మానేసింది. తన ఒళ్ళో చెయ్యిని చూసుకుంటున్నది. ఆ చూపు నేను తరగతిలో చూశాను. ఎన్నిసార్లు చెయ్యెత్తినా మాస్టారు పిలవకపోతే, ఇక చెయ్యి ఎత్తడం మానేసిన పిల్లల చూపు అది.

తిరుగుదారిలో, వచ్చిన వీధికి అడ్డంగా తాడు కట్టేశారు. బ్రహ్మచారి కుర్చీని లోపలి గల్లీల వైపు మళ్ళించాడు. "మనోళ్ళ గల్లీలకెళ్లి పోతే కారుకాడికే తేల్తం బావా." నేను వెనుక నడుస్తున్నాను. ఆషాఢంలో ఆ గల్లీలోకి ఇదే నా మొదటి అడుగని అప్పుడు గుర్తుకు రాలేదు.

మలుపు తిరగగానే విమల ఎడమచేత్తో చక్రాన్ని పట్టేసింది. కుర్చీ ఆగిపోయింది. బ్రహ్మచారి ముందుకు తూలాడు.

"ఏందక్కా, బ్రేకులేస్తవ్!"

"నల్ల," అన్నది విమల.

వారం రోజుల తరువాత! నేను చుట్టూ చూశాను. ఒక గుమ్మానికి, ఆదివారానికి తెచ్చిన మేక కట్టి ఉన్నది. మంచి నలుపు.

"ఈ మేకా?" అన్నాను.

విమల నన్ను చూసిన చూపును ఇక్కడ రాయను. సుకన్య నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నది. ఏడుపో నవ్వో తెలియదు.

అప్పుడే గల్లీ లోపలినుంచి ఒక ముసలి గొంతు, గుడి మైకు కంటె పెద్దగా, సాగదీసి అరిచింది:

"నల్లొచ్చిందీ…!"

తలుపులు తెరుచుకున్నాయి. బిందెలు, బకెట్లు, డబ్బాలు గచ్చు మీద చప్పుడు చేస్తూ ఒక్కసారిగా బయటికి వచ్చాయి.

నేను నిలబడ్డచోటే నిలబడిపోయాను. నల్ల వచ్చింది. విశేషణం రాదు, పోదు. వచ్చేది నామవాచకం. ఆ వాక్యంలో నల్ల కర్త. ఆ మాట వెనుక ఏ మాటా ఆగిపోలేదు. విమల మొదటిరోజునుంచీ పూర్తి మాటే అన్నది.

సుకన్య చెప్పింది నిజం. తప్పు నీళ్ళ గ్లాసులో ఉన్నది. ఆమె అడిగింది నీళ్ళను కాదు, నల్లాను. మా వంటింటి కుళాయిని కూడా కాదు. దీన్ని.

ఇంటింటికీ గొట్టాలు వచ్చినా ఆ గల్లీవాళ్ళు ఈ ఒక్క వీధి నల్లాను తీయనివ్వలేదట. దాని పక్కనే మోకాలెత్తు గూడు. గూటిలో పసుపు రాసిన రాయి, పోచమ్మ. రాతి మీద పసుపు ఎండి పొరలు లేచింది. వేపాకు ముట్టుకుంటే పొడి అయ్యేట్టున్నది. ఎవరో చాలా రోజులుగా రావలసి ఉండి రాలేదని చూస్తేనే తెలుస్తున్నది.

అరిచిన ముసలావిడ కొంగు నెత్తిమీదకు లాక్కుంటూ దగ్గరకు వచ్చింది. బ్రహ్మచారి ఎవరో చెప్పాడు. విమల నోట వేలసార్లు విన్న పేరు, నేను ఎన్నడూ చూడని మనిషి: షంషున్నీసా. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే వరుసలో బిందెలు పెట్టినవాళ్ళు.

"అరె విమ్లా! ఏందే, కుర్సీల గూసొని మహారాణి లెక్క వచ్చినవ్!" అన్నది. మరుక్షణం ఆ చెయ్యి, ఆ పెదవి చూసింది. గచ్చు మీదనే కూలబడి విమల మోకాళ్ళు పట్టుకున్నది. "మాట వస్తలేదా? ఏం గాదు. చిన్నప్పుడు సుత నీ పంచాయతీలన్నీ నేనే మాట్లాడుతుంటి గదా."

"నల్ల," అన్నది విమల.

"ఆఁ, వచ్చింది. ఇప్పుడే వచ్చింది. నీకోసమే ఆగినం." షంషున్నీసా మా వైపు తిరిగింది. "ఆషాఢంల బేస్తారం నాడు ఫస్ట్ బిందె వీళ్ళింటోళ్ళదే. వీళ్ళమ్మ పోస్తుండె, ఆమె పోయినంక విమ్లా పోస్తది. ఈమె పోసినంకనే గల్లీ అంత పడ్తది. రెండు బేస్తారాలు పాయె, ఈమె రాలే. ఎవ్వరం పొయ్యలే. అమ్మకు సాక నీళ్ళు లేక, ఎట్లెండింది సూడండ్రి." "గిది ఆడోళ్ళ పని బావా, నాకు యాదికే రాలే," అని బ్రహ్మచారి నెత్తి కొట్టుకున్నాడు. షంషున్నీసా నన్ను పైనుంచి కింది దాకా చూసింది. "మీరేనా సారు? షాదీ అయినంక ఆషాఢంల గీ గల్లీల మొకం జూపియ్యకపోతిరి. మా నల్ల కరుస్తదనుకున్నరా?"

గల్లీ నవ్వింది. ఆ గల్లీ నన్ను చూసి నవ్వడం ఇది రెండవసారి.

ఎవరో తోమిన ఇత్తడి బిందె తెచ్చారు. బ్రహ్మచారి చెయ్యి చాపాడు. విమల తల అడ్డంగా తిప్పింది. సుకన్య చాపింది. మళ్ళీ అడ్డంగా తిప్పింది. నా వైపు చూసింది. పెదవులు దగ్గరకు వచ్చాయి, విడిపోయాయి, దగ్గరకు వచ్చాయి.

"ప…"

పసుపు అని నా నోటిదాకా వచ్చింది. పోచమ్మ అని వచ్చింది. పోయండి, పట్టండి, పట్టుకోండి. నాలుక కొరుక్కున్నాను. నింపేది ఆమె. నల్లా పోతూనే ఉన్నది, గల్లీ అంతా బిందెలతో నిలబడి ఉన్నది, ఎవరూ తొందరపెట్టలేదు.

"పట్టు," అన్నది విమల.

మధ్యమపురుష, ఏకవచనము, విధ్యర్థకము. పూర్తి వాక్యం. నాతో నలభై ఆరేళ్ళు మాట్లాడిన భాషలో ఎన్నడూ లేని వాక్యం.

పట్టాను.

బిందె నిండింది. సుకన్య పసుపు కలిపి వేపమండ వేసింది. నేను ఎత్తి విమల ముందుకు తెచ్చాను. అంచు మీద ఆమె ఎడమచెయ్యి వేసింది. ఇద్దరమూ వంచాము. నీళ్ళు పోచమ్మ నెత్తిమీదనుంచి, ఎండిన పసుపును కరిగించుకుంటూ, గచ్చు మీదకు, నా కాళ్ళ మీదకు వచ్చాయి. పంచె మోకాళ్ళ దాకా తడిసింది. ఆకాశంలో మబ్బు కూడా లేదు.

"బావా, నీ వ్యాకరణమంత తడిసిపాయె," అన్నాడు బ్రహ్మచారి.

"సల్లగుండాలె," అన్నది షంషున్నీసా, ఎవరితోనో చెప్పకుండా.

విమల గూటిలోకి చూస్తూ, అప్పుడే స్నానం చేయించిన పసిపిల్లను చూసినట్టు నవ్వింది. తిరిగి కారు దాకా నేనే కుర్చీ తోశాను.

జూలై 13, ఆదివారం. లష్కర్ బోనాలు

టీవీలో చూశాము. తెరమీద ‘ఆషాడ’ అని రాశారు. వత్తు లేదు. విమల తెరను చూడకుండా నన్ను చూస్తూ కూర్చున్నది. ఎప్పుడు అంటానా అని. అనలేదు. నవ్వింది.

జూలై 17, గురువారం

సుకన్య సెలవు పెట్టింది. మళ్ళీ ఆ గల్లీకి వెళ్ళాము. నల్లా తొమ్మిదింటిదాకా రాలేదు. ఎదురుచూసినంతసేపూ షంషున్నీసా ఒక కథ చెప్పింది: వరుస తప్పించినవాళ్ళ బిందెను విమల ఒకసారి మిద్దె మీదకు విసిరిందట. ఈ విమలను నేను ఎరగను. కథ అయ్యాక విమల, షంషున్నీసా మోచేతిని పొడిచి, "దొంగ" అన్నది.

క్యారల్ గారికి ఫోన్ చేసి చెప్పాను. చాలాసేపు అటువైపు మాట లేదు. వెయిట్ చేశాను.

జూలై 22, మంగళవారం

‘నీళ్ళు’. ‘సుకన్య’. ‘వద్దు’. ‘వద్దు’ చాలాసార్లు.

ఆగస్టు 2, శనివారం

ఉదయం పూజ గిన్నెలు కడిగి వచ్చి ఇక్కడ కూర్చుని ఇది రాస్తున్నాను. పడకగదిలోంచి విమల పిలుపు వినబడింది.

"నల్ల…"

కలం ఆపి వేచి ఉన్నాను. నా చెవులకు ఇప్పుడు సన్నని చప్పుళ్ళు అందడం లేదు. వంటింట్లో ధార పోతున్నదని నాకు తెలియదు.

"…నల్ల బంద్ చెయ్యి!"

వెళ్ళి నల్ల బంద్ చేసి వచ్చాను.